మిల్లు గొట్టానికి మొక్కిన రోజు

మిర్యాలగూడ దగ్గర బస్సు కిటికీలోంచి ఉడికిన వడ్ల వాసన వస్తే, నా చేతులు ఇప్పటికీ వాటంతటవే దండానికి కలుస్తాయి.

దేవుని పాటలన్నీ నాకు ఇంట్లోనే నేర్పింది నానమ్మ. ఆమెకు చదువు రాదు. గుడి శిఖరం దూరాన కనబడగానే మొక్కాలని చెప్పేది. మట్టపల్లి నరసింహస్వామి దగ్గరికి పోదామని నాన్న అంటే, చాయ్ కూడా తాగకుండా కొబ్బరికాయ పట్టుకుని నాన్నతో, నాతో కోదాడలో బస్సెక్కింది.

ఎత్తుగా ఏదో కనబడగానే దండం పెట్టాను.

"నానమ్మా, గుడొచ్చింది!"

నానమ్మ చేతులెత్తబోయి ఆగింది. "అది వడ్ల మిల్లు పొగగొట్టం బిడ్డా." నాన్న వైపు తిరిగింది. "మిర్యాలగూడ కదరా ఇది? మీ అన్న ఇంటికా?"

"నా వంతు అయిపోయె గదనే అమ్మా. ఇగ అన్న దగ్గరుండాలె. చెప్తే వస్తవా నువ్వు?"

"అడిగి సూడకపోతివి. దేవుని పేరెందుకు చెప్పినవురా?"

నాన్న దిగడానికి లేచాడు.

పెద్దనాన్న వాకిట్లో నానమ్మ కొబ్బరికాయ నా చేతిలో పెట్టింది. "నువ్వన్నా కొట్టు బిడ్డా. మీ నాయన సల్లగుండాలని మొక్కు."

మర్నాడు మా ఇంట్లో అమ్మ దాన్ని కొట్టి పచ్చడి చేసింది. బాగుందని నాన్న మళ్లీ వేయించుకున్నాడు.

మొక్కడం నేర్పినందుకు నానమ్మను రోజూ తలుచుకుంటాను. నాన్న పేరున కొబ్బరికాయ మాత్రం ఇంకా కొట్టలేకపోతున్నాను.