వెనక్కి కట్టిన చేతులు

కళ్యాణదుర్గం దగ్గర పాత దొరల బంగళా తోటకు ప్రాణం పోసే పని ఆదెన్నది. కాయ ఊరిందా అని చెట్టు పీకి చూడటం నలభై ఏళ్లు శనక్కాయ పండించిన ఆ చేతికి అలవాటు. తన అవ్వ కాలం నాటి లిల్లీ గడ్డలు ఇక మూడే మిగిలాయని చెప్పి మరీ ఇచ్చింది బంగళా యజమానురాలు సునందమ్మ. రెండు కుళ్లిపోయాయి.

"ఏమప్పా ఆదెన్నా, ఎందుకు మొలకెత్తలేదు?"

"యాడ మొలుస్తాయమ్మా! వేరు పట్టిందా అని దినామూ పీకి సూస్తాండా. ఇంత తెలివైన తోటమాలి మీకు యాడ దొరుకుతాడు?"

అప్పటి నుంచి మూడో గడ్డ దగ్గర చేతులు వెనక్కి కట్టుకునే నిలబడతాడు. నిన్న మొగ్గ తొడిగింది. తోట చూడవచ్చినవాళ్లు ఆ ఠీవికి ఆయనే దొర అనుకుని దండం పెట్టారు. తిరిగి పెట్టాలంటే చేతులు విప్పాలి. మొగ్గ వంక చూసి, ఆదెన్న తల మాత్రం ఊపాడు.