పట్వారి కోసం పగిలిన గచ్చు

మా బాపు సిద్దిరాములు ఎల్లారెడ్డిలో గచ్చు మేస్త్రి. దుబాయి పైసలు వచ్చిన ఇండ్లలో మట్టి వాకిళ్లు పోయి సిమెంటు వాకిళ్లు వచ్చాయంటే, అందులో సగం పుణ్యమో పాపమో ఆయనదే. ఆయన పోసిన గచ్చు మీద చెంబెడు నీళ్లు ఒలికితే, ఎవరూ చెప్పకుండానే మోరీ కాలువ దారి పట్టేవి. నీటి వాటం తప్పిన గచ్చు కనిపిస్తే ఆయన ముఖం చేదు మందు మింగినట్టు అయ్యేది. పెళ్లికి పిలిచినా ముందు వాకిలి చూసి, ఆ తరువాతే పెళ్లికొడుకును చూసేవాడు.

మా వాకిలి మాత్రం మట్టిదే. వానాకాలం వస్తే మడమల దాకా బురద. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం. మా అవ్వ భూమక్క చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతూ, ఊరందరి వాకిళ్లు అద్దాలయ్యాయని, మేస్త్రి పెళ్లానికే బురద రాసిపెట్టి ఉందని గొణిగేది. బాపు విననట్టు బీడీ ముట్టించేవాడు. ఆ బీడీ కూడా ఆమె చుట్టిందే.

2011లో వానలు మొదలైన రోజుల్లో, ఊరి బయటి గుట్ట నుంచి తెచ్చిన మొరం లోడులో ఒక తాబేలు వచ్చింది. బాపు దగ్గర సిమెంటు మాలు కలిపే యాకూబు అన్న పారతో తీయబోయి చప్పున ఆగిపోయాడట. నల్లటి చిప్ప మీద పసుపు గీతలు, ఎవరో తీరిగ్గా కూర్చుని వేసిన ముగ్గుల్లా ఉన్నాయి. బాపు దాన్ని సిమెంటు తట్టలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. అడవి తాబేలును ఇంట్లో పెంచడం నేరమని అప్పుడు మాకెవరికీ తెలియదు. చూసిన ఇరుగుపొరుగంతా ఇంటికి లచ్చి వచ్చిందనే అన్నారు.

పొద్దున లేస్తే అది గోడ వెంబడి వాకిలంతా చుట్టి వచ్చేది. శివారు కొలిచే పట్వారి లెక్క నడుస్తున్నాడని బాపు అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. మగదా ఆడదా అని ఎవరూ అడగలేదు. పట్వారి అన్నాక మగవాడే కదా.

బాపు పట్వారికి ఇల్లు కట్టాడు. మోకాలెత్తు లేని ఇటుక గోడ, పైన షాబాదు బండ, నీళ్లకు సిమెంటుతో చేసిన మూకుడు, లోపల నున్నటి గచ్చు. దానికీ వాటం పెట్టాడు. వాన నీళ్లు పోకుండా గడప కట్టాడు, అది గడప దాటలేకపోతే మళ్లీ తీసేశాడు. ఇంకొకరైతే ఇష్టమైన వాళ్లకు మిఠాయి తెస్తారు. మా బాపు సిమెంటు పోసేవాడు.

ఆ ఏడే, బతుకమ్మ పండుగ ముందర, అవ్వ ముచ్చట కూడా తీర్చాడు. యాకూబు అన్న మాలు కలుపుతుంటే మోకాళ్ల మీద జరుగుతూ వాకిలంతా ఒక్కడే నునుపు చేశాడు. అంత మంచి గచ్చు ఆయన ఎవరికీ పోయలేదు. వాడలోని ఆడవాళ్లందరూ మా వాకిట్లోనే బతుకమ్మ ఆడారు. అవ్వ కాళ్లు నేల మీద నిలవలేదు. గౌరమ్మకని తెంపి పెట్టిన గుమ్మడి పూలు పట్వారి తినేస్తే కూడా తిట్టలేదు.

పండుగ వెళ్లిన తరువాత పట్వారికి ఏదో అయింది. ఇష్టంగా తినే గుమ్మడి పువ్వు ముందు పెట్టినా ముట్టదు. పగలంతా గోడలు పట్టుకుని తిరుగుడే తిరుగుడు. మధ్యమధ్య తులసి గద్దె పక్కన ఒకే చోట ఆగి, వెనక కాళ్లతో గచ్చును గీకేది. గీకి గీకి గోళ్ల దగ్గర రక్తం కారేది. దాని ఇంట్లో పెడితే గోడను ఢీకొట్టి బయటికి వచ్చి, మళ్లీ అక్కడే గీకేది. పక్కింటి లింగయ్య తాత వచ్చి, తాబేలు గీకిన చోట లంకెబిందెలు ఉంటాయని గుసగుసలాడాడు. గచ్చు కింద ఏముందో తనకన్నా ఎవరికి ఎరుక అని బాపు నవ్వాడు కానీ, ఆ నవ్వులో పస లేదు.

అవ్వ మాత్రం బీడీల చాట పక్కన పెట్టి చాలాసేపు దాన్నే చూసింది. గుడ్డుకొచ్చిన కోడి జాగ కోసం ఇట్లాగే తిరుగుతుందని చెప్పింది. పట్వారి గుడ్డు పెట్టడమేంటని బాపు కొట్టిపారేశాడు.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సులు లేవు, నా డిగ్రీ కాలేజీ లేదు, మా ఊరి పశువుల దవాఖానకు తాళం. కామారెడ్డిలో సమ్మె టెంటు కింద పశువుల డాక్టరు కూర్చుంటాడని యాకూబు అన్న కనుక్కుని వచ్చి, తన బండి కూడా ఇచ్చాడు. బాపు నడుపుతుంటే నేను వెనక కూర్చుని, తట్టలో చున్నీ పరిచి పట్వారిని ఒడిలో పెట్టుకున్నాను. దారిపొడుగునా అది నా చున్నీని వెనక కాళ్లతో తవ్వుతూనే ఉంది. నాకు భయమేసింది, ఏడుపు కూడా వచ్చింది. బాపు వెనక్కి తిరగకుండానే బతికుందా అని మాటిమాటికీ అడిగాడు.

టెంటు కింద డాక్టరు మెడలో గులాబీ కండువాతోనే తాబేలును ఎత్తి చూశాడు. వెనక కాళ్ల పక్కన వేళ్లు పెట్టి మెల్లగా తడిమాడు. చుట్టూ ఉద్యోగులు నినాదాలు ఆపి వంగి చూస్తున్నారు.

"ఇది ఆడది మేస్త్రీ. కడుపుల గుడ్లున్నయి. గీ టైముల హార్మోన్లు దాన్ని నిలువనియ్యవు. తవ్వెతందుకు మట్టి దొరకకపోతే గుడ్లు లోపల్నే ఆగి పానం పోతది."

గుడ్లు పెట్టి తేరుకున్నాక దొరికిన గుట్ట మీదే వదిలిపెట్టమని, ఇంట్లో ఉంచుకుంటే కేసవుతుందని కూడా చెప్పాడు. బాపు తలూపాడు కానీ ఆయన చెవిలో ఉన్నది మట్టి అన్న మాటొక్కటే.

ఇంటికి రాగానే పెద్ద తొట్టిలో మట్టి నింపి అందులో పెట్టాడు. అది పాకుతూ అంచెక్కి, దబ్బున బయట పడి, నేరుగా తులసి గద్దె పక్కకే పోయింది. మరునాడు కూడా అదే వరస. మూడోనాటికి గీకడం కూడా తగ్గింది. మెడ బయట పెట్టి, గచ్చు మీద గడ్డం ఆనించి పడుకుంది.

బాపు సమ్మెట పట్టుకుని నిలబడ్డాడు. ఎత్తలేదు. అవ్వ వంకే చూస్తున్నాడు. పదేళ్లు అడిగి అడిగి పోయించుకున్న గచ్చు ఆమెది, దాని మీద ముగ్గు ఇంకా తెల్లగానే ఉంది.

"నా మొకం ఏం చూస్తున్నవ్? దాని పానంకన్న గచ్చు ఎక్కువనా? కొట్టు" అంది అవ్వ.

కొట్టాడు. పగల్లేదు. మళ్లీ కొట్టాడు, రవ్వలు లేచాయి తప్ప బీట కూడా పడలేదు. యాకూబు అన్న గడ్డపార అందుకున్నాడు. ఇద్దరూ చెమటలు కక్కుతూ కొడుతుంటే బాపు, "గట్టిగ పోసిన యాకూబూ, మస్తు గట్టిగ పోసిన" అన్నాడు. అది గర్వమో దుఃఖమో ఆయనకే తెలియాలి. కళ్లలో నీళ్లు మాత్రం నేను చూశాను. చివరికి మంచమంత జాగ పగిలింది. పెళ్లలు తీసి, కింది మట్టిని గుల్ల చేసి, అవ్వ చెంబుతో నీళ్లు చిలకరించింది.

పొద్దు వాలుతుండగా పట్వారి లేచింది. మట్టి మీదికి పోయి, వాసన చూసి, వెనక కాళ్లతో తవ్వడం మొదలుపెట్టింది. ఒక కాలు, తరువాత ఇంకో కాలు, తొందర లేకుండా. మేం గడపలో కూర్చుని చూశాం. పావురం గుడ్డంత గుడ్లు ఒక్కొక్కటే జారాయి. వాటి మీద మట్టి కప్పి, తన పొట్ట చిప్పతో ఒత్తి ఒత్తి, ఎక్కడ తవ్విందో తెలియకుండా నునుపు చేసింది. బాపు తాపీతో చేసినట్టే.

"నాకన్న మంచిగ చేసింది" అన్నాడు బాపు. ఆయన నోట ఇంకొకరి పనిని మెచ్చుకోవడం నేను విన్నది అదొక్కసారే.

మరునాడు పట్వారి గుమ్మడి పువ్వు తిన్నది. నాలుగు రోజులాగి, గోళ్లు మానాక, బాపూ నేనూ దాన్ని గుట్ట మీద వదిలి వచ్చాం. అది వెనక్కి తిరిగి చూడలేదు. నాకు కోపం వచ్చింది, బాపు నవ్వాడు. మరుసటి ఏడు తొలి వానలకు ఆ మట్టి పగిలి, అగ్గిపెట్టెలో పట్టేంత పిల్లలు రెండు బయటికి వచ్చాయి. వాటినీ అదే తట్టలో తీసుకెళ్లాం. ఆ జాగను మాత్రం బాపు మళ్లీ గచ్చు చేయలేదు, అవ్వా అడగలేదు. ప్రతి ఏడూ అక్కడ గుమ్మడి గింజలు పెట్టింది.

ఆ తరువాత బాపు ఎవరి వాకిలి పోసినా ఒక మూల మట్టి వదిలేవాడు. ఎందుకని అడిగితే నీళ్లు ఇంకాలని చెప్పేవాడు. నా పెళ్లయ్యాక, 2014లో కామారెడ్డిలో మా ఇంటి వాకిలి పోసినప్పుడూ అంతే. బండి పెట్టుకునే జాగ ఖరాబు చేశావని నేను పోట్లాడాను. నాకు మాత్రం నీళ్ల సంగతి చెప్పలేదు. తాపీ కడుక్కుంటూ అసలు మాట చెప్పాడు.

బాపు పోయి చాలా ఏళ్లయింది. మొన్న ఇంటి పని చేయించగా అర బస్తా సిమెంటు మిగిలింది. ఆ మూల కూడా మూసేద్దామని మా ఆయన బయలుదేరాడు. నేను పోయి ఆయన చేతిలోంచి తాపీ లాక్కున్నాను.

"ఉండనియ్యి. కడుపుతోని ఎవలన్న వస్తే జాగ ఉండాలె" అని బాపు మాటే అన్నాను.