అత్త మడిచిన కంబళి

దయ్యాలున్నాయంటే నమ్మే రకాన్ని కాను. అసలు మనుషులనే అంత తొందరగా నమ్మను. కందిపప్పు కొన్నా రెండుసార్లు తూకం వేయించే మనిషినని మా రాయచెర్లులో అందరికీ తెలుసు. కాబట్టి ఇది ఊరికే నమ్మేసి రాస్తున్నది కాదని ముందే చెబుతున్నాను.

నా కూతురు లావణ్యకు తొమ్మిదేళ్లు. ఐదో ఏట మూర్ఛ మొదలైంది. మాత్రలతో తగ్గేది కాదు, ఏటికేడు ముదిరే జబ్బని బెంగళూరు డాక్టర్లు చెప్పారు. మొదట పరుగు పోయింది, తర్వాత మాటలు పోయాయి. ఇప్పుడు పట్టుకుంటే నాలుగడుగులు వేస్తుంది. ఒకసారి గడప బండ మీద పడి తలకు కుట్లు పడ్డాయి. అప్పటి నుంచి నా భయమంతా ఆ పడడం గురించే.

మా అత్త గొర్రెలు కాసిన మనిషి. భూమి సోలార్ పార్కుకు కౌలుకిచ్చాక మందను అమ్మేసి ఇంట్లో కూర్చుంది. పాపకు ఫిట్స్ రావడానికి కాసేపు ముందే ఆమె తన నల్ల కంబళి నేల మీద పరిచేది. వానకు తల మీద ముసుగులా వేసుకునేటప్పుడు కాపరులు మడిచినట్టు ఒక మూల లోపలికి మడిచి, దాన్నే తలగడ చేసేది. పాపను తెచ్చి పడుకోబెట్టేది. ఆ తర్వాతే ఫిట్స్ వచ్చేవి.

ముందే ఎలా తెలుస్తుంది? ఏదో పసరు తాగిస్తోందని నాకు గట్టి అనుమానం. పాప నోరు వాసన చూశాను. మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేశాను. నెలరోజులు కాపు కాసినా ఏమీ దొరకలేదు. చివరికి మొహం మీదే అడిగేశాను.

ఆమెకు కోపం రాలేదు. "నేనేం పెడతానమ్మే? గొర్రె పడేముందు మేత ఇడిసి ఊరికే నిలబడతాది. పాప గూడా అట్లే నిలిసిపోతాది. నువ్వు మాత్తర్లు చూస్తాండావు. పాపను చూడు," అంది.

నేను నమ్మలేదు. పాపలో నాకు ఏ తేడా కనిపించలేదు మరి.

పోయిన ఎండాకాలం అత్త గుండెపోటుతో పోయింది. కంబళిలో వేపాకు వేసి నేనే అటక మీద పెట్టాను.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం పాపను గడప పక్కన కూర్చోబెట్టి తల దువ్వుతున్నాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. నూనె సీసా కోసం లోపలికి వెళ్తే నడింట్లో కంబళి పరిచి ఉంది. మూల లోపలికి మడిచి ఉంది.

మొదట భయం కాదు, కోపం వచ్చింది. ఎవరు దూరారు? వెనక తలుపు చూశాను, లోపలి గడియ వేసే ఉంది. పొద్దున ఆ చోటు ఊడ్చింది నేనే. అప్పుడు అత్త మాట గుర్తొచ్చి పాప వైపు తిరిగాను.

పాప చేతికిచ్చి వచ్చిన దువ్వెన జారి కింద పడింది. కళ్లు ఎటో నిలిచిపోయాయి. పరుగెత్తి ఎత్తుకొచ్చి, కంబళి మీద పక్కకు తిప్పి పడుకోబెట్టానో లేదో మొదలైంది. అంత పెద్దది అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఐదు నిమిషాలు దాటాక డాక్టర్ ఇచ్చిన ముక్కు మందు కొడితే మెల్లగా ఆగింది. నేను లోపలే నిలబడి ఉంటే పాప ఆ బండ మీదే పడేది.

సాయంత్రం మా ఆయన్ను నిలదీశాను. ఆయనది సోలార్ పార్కులో పలకలు కడిగే పని. "నేనెప్పుడు వస్తినే? పొద్దున్నుంచి ఆడే ఉండాను," అన్నాడు. అంతటితో ఆగక ఆయనతో పనిచేసేవాళ్లను కూడా అడిగాను. నిజమే. నిచ్చెన వేసుకుని అటక చూస్తే ఎండిన వేపాకు అక్కడే ఉంది. కిందికి ఒక్క ఆకు రాలలేదు.

నిద్ర చాలక నేనే పరిచి మరిచిపోయానేమో అని నన్ను కూడా అనుమానించుకున్నాను. కానీ ఆ మడత నాకు రాదు. అరసికెరెలో వేరుశనగ పండించే ఇంట్లో పుట్టినదాన్ని. ఇప్పటికి ఎన్నిసార్లు మడిచి చూశానో, ప్రతిసారీ మూల జారిపోతుంది. కంబళి మళ్లీ కదల్లేదు. ఫిట్స్ మాత్రం వస్తూనే ఉన్నాయి. పాప చూపు నిలిచిపోవడం ఇప్పుడు నాకూ కొన్నిసార్లు ముందే తెలుస్తోంది.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నేను ఇప్పటికీ చెప్పలేను. మర్నాడు మా ఆయన పనికి వెళ్లాక నడింట్లో నిలబడి, "నిన్ను అనుమానిస్తి అత్తా, తప్పయిపాయ," అన్నాను. ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని వెళ్లి వెనక తలుపు గడియ మళ్లీ చూశాను. వేసే ఉంది.