సబిహా మేడం లాగిన్

నిన్న మధ్యాహ్నం లైబ్రరీలో నా పక్క బల్ల దగ్గర ఎవరో లవంగం కొరికారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే తల తిప్పి చూశాను. జలుబు చేసిన విద్యార్థిని ఎవరో కూర్చుని చదువుకుంటోంది. ఆ తర్వాత చాలాసేపు నాకు పని మీద చూపు నిలవలేదు. సబిహా మేడం పక్కన కూర్చుంటే ఎప్పుడూ ఆ వాసనే వచ్చేది. గొంతు పట్టేస్తుందని బుగ్గన లవంగం పెట్టుకునే మాట్లాడేవారు.

ఆమె మా యూనివర్సిటీ లైబ్రరీలో ఆన్‌లైన్ పత్రికల విభాగానికి అధికారి. హనుమకొండలోనే పుట్టి పెరిగిన మనిషి. నేను తొర్రూరు నుంచి వచ్చి ఆ విభాగంలో చేరినప్పుడు లైబ్రరీ అంటే పుస్తకాలు సర్దడమే అనుకున్నాను. మా గదిలో సర్దడానికి ఏమీ లేదు. పరిశోధన పత్రికలన్నీ ఎక్కడో దూరదేశపు కంపెనీల కంప్యూటర్లలో ఉంటాయి. ఏటా వాళ్లతో ఒప్పందం కుదిరితేనే మావాళ్లు వాటిని తెరిచి చదువుకోగలరు. దాన్నే లైసెన్సు అంటాం. చేరిన కొత్తలోనే మేడం ఒక లైసెన్సు నా ముందు పెట్టి, ఎవరెవరు చదవవచ్చో రాసిన వాక్యం మీద వేలు ఉంచారు.

“అన్నిటికంటె ముందు ఇది చూడాలె బిడ్డా. మనోళ్లు ఎవరో ఇందుల రాసి ఉంటది. ఇందుల లేనోళ్ల మీద మనం ఎంత జాలిపడ్డా ఫాయిదా లేదు.”

అందుకే ఆ ఒక్క వాక్యం కోసం ఆమె కంపెనీలతో పట్టుపట్టేవారు. లైబ్రరీకి వచ్చి మా కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు ఎవరైనా సరే చదువుకోవచ్చన్న మాట చేర్చేదాకా ఒక కంపెనీ ప్రతినిధిని వదల్లేదు. ఫోన్‌లో గొంతు పెంచడం నేను వినలేదు. అడిగిందే మళ్లీ అడిగేవారు, అంతే. ఆ మాట చేరిన రోజు క్యాంటీన్ నుంచి అందరికీ సమోసాలు తెప్పించారు.

స్వరూప మా దగ్గరికి వచ్చింది ఆ తర్వాతి ఎండాకాలంలో. ములుగులో ఒక కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. అడవి పల్లెల్లో బీడీలు చుట్టే తునికాకు ఏరే ఆడవాళ్ల మీద పరిశోధన చేస్తోంది. కాన్పుతో ఆలస్యమై రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయింది, దాంతోపాటే పత్రికలు చదివే లాగిన్ కూడా ఆగిపోయింది. గడువు పెంచమని దరఖాస్తు పెట్టుకుంది కానీ, అది తేలేలోపు చివరి అధ్యాయం పూర్తికాకపోతే ఇన్నేళ్ల పని వృథా అవుతుంది. చంటిపిల్లతో రోజూ బస్సెక్కి రాలేనని, ఇంటి దగ్గర చదువుకునేలా కొన్నాళ్లు లాగిన్ తెరిచిపెట్టమని అడిగింది. మేడం తప్పక ఒప్పుకుంటారనుకున్నాను.

“ఇక్కడికొచ్చి కూసోని ఎంతసేపన్న చదువుకో. పిల్లను మేం చూస్తం. ఇంటికి మాత్రం ఇయ్యలేను,” అన్నారు.

స్వరూప కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. ఒకటి రెండుసార్లు వచ్చి చదువుకుంది. అంతసేపూ పిల్లను ఒడిలో పెట్టుకుని మేడం తన పని చేసుకున్నారు. తర్వాత స్వరూప రావడం మానేసింది. ఇంత పట్టుదల ఎందుకని మేడం మీద నాకు కోపం వచ్చింది.

కొన్ని వారాలకు ఒక ఉదయం క్యాంపస్ మొత్తానికి, మేడం పట్టుపట్టి ఆ మాట చేర్పించిన కంపెనీ పత్రికలు ఆగిపోయాయి. ఒకే లాగిన్‌తో, క్యాంపస్ బయటి నుంచి, విపరీతంగా వ్యాసాలు దించుకున్నారని, అది ఎవరో వేరొకరికి ఇచ్చిన లాగిన్‌లా ఉందని కంపెనీ రాసింది. థీసిస్‌లు సమర్పించే కాలం. పరిశోధకులు మా గది ముందు గుమిగూడారు. ఆ లాగిన్ ఎవరిదో వెతికి, నమ్మలేక మళ్లీ చూశాను. సబిహా మేడందే. పాస్‌వర్డు ఎవరో దొంగిలించారని కంపెనీకి రాసేద్దామన్నాను. అలా జరగడం మామూలే కాబట్టి ఎవరూ కాదనరు. ఆమె వద్దని చెప్పి నేరుగా లైబ్రేరియన్ సార్ గదిలోకి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను.

“లాగిన్ నాదే సార్. తప్పు గూడ నాదేనని రాసుకోండ్రి,” అన్నారు. ఎవరికి ఇచ్చారని సార్ ఎంత అడిగినా ఇంకో మాట చెప్పలేదు.

కంపెనీ పత్రికలు మళ్లీ తెరిచింది. మేడంను ఆ విభాగం నుంచి తీసి, బైండు చేసిన పాత పత్రికల హాలుకు పంపారు. నాకు ఏమీ అర్థం కాలేదు. ఉండబట్టలేక స్వరూపకు ఫోన్ చేశాను. “మేడం నాకియ్యలే అక్కా. నేను మళ్ల అడుగలే,” అంది. ఆ మాట అబద్ధమనిపించలేదు, పూర్తిగా నిజమనీ అనిపించలేదు. దించుకున్న వ్యాసాల్లో అడవుల గురించినవి ఉన్నాయి, గుండెజబ్బుల గురించినవీ ఉన్నాయి. మేడం తమ్ముడి కొడుకు ఎక్కడో దవాఖానలో డాక్టరని తర్వాతెప్పుడో విన్నాను. దాంతో నా అయోమయం పెరిగిందే తప్ప తగ్గలేదు. లైసెన్సులో ప్రతి మాటనూ అంతగా పట్టించుకునే మనిషి, ఎవరి కోసం దాన్ని దాటారు? అసలు దాటారా, లేక ఎవరినో కాపాడుతున్నారా?

రిటైరయ్యే ముందు ఒక మధ్యాహ్నం ఆమెతో కలిసి అన్నం తింటూ అడిగేశాను.

“అడుగకు బిడ్డా. చెప్తె ఆ మాట నువ్వు గూడ దాచాలె,” అంటూ తన డబ్బాలోంచి కూర తీసి నాకు వేశారు. ఆ పైన వానల గురించి మాట్లాడారు.

ఇప్పుడు ఆమె పని నేను చేస్తున్నాను. గడువు దాటినవాళ్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు నా బల్ల ముందు నిలబడి అడుగుతూనే ఉంటారు. కాదని పంపిన రోజు, మేడం నేర్పినట్టే చేశానని అనుకుంటూ ఇంటికి వెళ్తాను. ఏదో ఒక దారి వెతికిపెట్టిన రోజు కూడా అలాగే అనుకుంటూ వెళ్తాను. రెండింట్లో ఏది నిజంగా ఆమె దారో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అడుగుదామంటే ఆమె లేరు. ఉన్నా చెప్పేవారు కాదు.