అటక మీద అత్తగారు

రక్తం తీసే ఆవిడకు రోగులు పెట్టిన ముద్దుపేరు దోమక్క. పిలిస్తే ఆవిడా మురిసిపోయేది. సూది గుచ్చేటప్పుడు మనిషి ధ్యాస మళ్ళించాలంటే ఇంటి కబుర్లు చెప్పాలన్నది ఆవిడ పద్ధతి. అదీ సగమే. ట్యూబు నిండగానే కథ ఆగిపోయేది. "మిగతాది వచ్చేసారి" అంటూ దూది అద్ది పంపేసేది. ఎంత గడుసుదో చూడండి!

ఆవిడ పనిచేసే ఆసుపత్రిలో పేగు క్యాన్సర్ మీద పరిశోధన జరుగుతోంది. ఒంట్లో కణాలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉండేలా చేసే పదార్థాలు కొన్ని ఉంటాయి. రోగుల రక్తంలో అవి ఆపరేషన్‌కు ముందెంత, తర్వాతెంత అని కొలుస్తున్నారు.

బస్సు డ్రైవరు ఒకాయన మొదటిసారి రక్తమిచ్చాడు. ఆపరేషనూ బాగానే జరిగింది. తీరా మళ్ళీ రమ్మన్న రోజున పత్తా లేడు. డాక్టరు పరీక్ష కూడా ఎగ్గొట్టాడు. దోమక్క గుండెల్లో రాయి పడింది. పరిశోధన సంగతి అలా ఉంచి, ఆ మనిషి ఏమైపోతాడోనని బెంగ. ఫోను చేస్తే ఆయన భార్య ఎత్తింది.

"ఏం చెప్పనమ్మా! జబ్బు మళ్ళీ వచ్చిందంటారేమోనని హడలిపోతున్నారు. నా మాట చెవికెక్కట్లేదు."

"అయితే పిన్నీ, ఒక్క ముక్క చెప్పండి. మా అత్తగారు ఇంకా అటక మీదే ఉన్నారని."

మర్నాడు పొద్దున్నే ఊడిపడ్డాడు.

"ఏమ్మా, ఆవిణ్ణి దించారా లేదా? గొడుగు కోసం అటకెక్కిందన్నావు. మీ మామగారు చూసుకోకుండా నిచ్చెన పట్టుకుపోయాడన్నావు. తర్వాత?"

"చెయ్యి చాపండి, చెప్తా. పైనుంచి ఆవిడ ఒకటే కేకలు. మామగారేమో రేడియో గోల అనుకుని, వెళ్ళి దాన్ని కట్టేశారు."

"హహ్హ! రేడియో కట్టేశాడా!"

"నవ్వకండి బాబాయ్, సూది ఉంది!"

ట్యూబు నిండింది. కథ ఆగింది. ఆయన సణుక్కుంటూ డాక్టరు గదిలోకి వెళ్ళి, వెలిగిపోతూ బయటికొచ్చాడు. జబ్బు జాడ లేదట. దోమక్కకు పట్టరాని సంతోషం కలిగింది.

"ఇంతకీ నా రక్తంలో ఆ అంటుకునేవి ఎంతున్నాయి?"

"నాకూ తెలీదు బాబాయ్. అందరివీ కలిపి చూస్తారు. ఎవరిది వాళ్ళకి చెప్పరు."

"పోనీ, అత్తగారి సంగతైనా చెప్పు."

"ఆర్నెల్ల తర్వాత పరీక్షకి వస్తారుగా, అప్పుడు."

ఆయన మొహంలో నవ్వు తగ్గింది. "అప్పటికి నేనుంటానంటావా?"

"ఉండకపోతే ఎలా? మీరొచ్చేదాకా ఆవిడ దిగరు."

డ్రైవరు కళ్ళు తుడుచుకుని చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

"పాపం, పెద్దావిడ. వస్తాలే."