ఉస్తాద్ వేళ్లు

పాశమైలారంలో మందుల కంపెనీలకు గాజు ఫ్లాస్కులు చేసిపెట్టే షెడ్డు ఒకటుండేది. దాన్ని నడిపే పెద్దాయనను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆదివారాలు మాలాంటి నలుగురికి గాజుతో బొమ్మలూ పూలకూజాలూ చేయడం నేర్పేవాడు.

ఏ వస్తువు పూర్తయినా, అది తను చేసిందైనా సరే, నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టి నా చేతికిచ్చేవాడు. "అంచు మీద ఏలు వెట్టి సూడు బిడ్డా, ఎట్లుంది?" అనేవాడు. అది నాకు పెట్టే పరీక్ష అనుకునేదాన్ని.

ఒక ఆదివారం తను చేసిన నీలం కూజా ఇచ్చాడు. మర్నాడు అది ప్రదర్శనకు వెళ్లాలి. అంచున ఒకచోట నా వేలికి గరుకు తగిలింది. ఆయన పనికి నేను వంక పెట్టడమేమిటనిపించి, "నున్నగా ఉందండీ" అన్నాను. ఆయన తృప్తిగా దాన్ని పెట్టెలో సర్దాడు.

తర్వాత బయట చాయ్ తాగుతున్నాం. నేను చున్నీ చెంగుతో కూడా పట్టుకోలేనంత వేడి గ్లాసును ఆయన ఉత్త వేళ్లతో నిమ్మళంగా పట్టుకుని కూర్చున్నాడు. మంట దగ్గర కాలీ కాలీ ఆ వేళ్ల కొనలు గీత కూడా లేకుండా మెరుస్తున్నాయి.

"ఉస్తాద్, కూజా అంచు ఒకచోట గరుకుగా ఉందండీ" అన్నాను తల దించుకుని.

ఆయన కోప్పడలేదు. చాయ్ సగంలో వదిలి లోపలికెళ్లి, కూజా బయటకు తీసి, బర్నర్ వెలిగించాడు.

"నా ఏళ్లకు ఏం తెల్వక పదేండ్లాయె. అందుకే గద బిడ్డా, నిన్ను అడిగేది."