ఏడో మీట

పడమటి కెంటకీలోని ఆ బొగ్గు జిల్లాలో గిటారు వినేవాళ్లు పాటగాడి మొహం చూడరు, బొటనవేలు చూస్తారు. గనుల్లో దిగిన తాతలు సాయంత్రాలు వరండాల్లో కూర్చుని బొటనవేలితో తాళం, చూపుడువేలితో పాట వాయించుకున్న నేల అది. కిరాణా కొట్టువాడు కూడా చిల్లర చేతిలో పెడుతూ ఫలానావాడి బొటనవేలుకి బద్ధకమెక్కువని తీర్పు చెప్పేస్తాడు. అలాంటి జనం ముందు గిటారు వాయిస్తున్నట్టు నటించడమంటే కొరివితో తల గోక్కోవడమే.

ఆ సంగతి ఐలీన్ టకెట్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆమె అక్కడే పుట్టింది. తండ్రి గనిలో గాలిపంకా చూసేవాడు. పంకా చప్పుడు వెంట్రుకవాసి మారినా నిద్రలోంచి లేచి కూర్చునేవాడు. ఆ చెవి కూతురికి వచ్చింది. పదహారేళ్లప్పుడు చర్చిలో పాస్టరుగారి మైకు కీచుమంటుంటే లేచి వెళ్లి సరిచేసింది, అక్కణ్ణుంచి సౌండు పనే బతుకైపోయింది. కట్టుకున్న మొగుడు ట్రక్కు నడుపుతూ వెళ్లి ఒక్లహోమాలో ఉండిపోయాడు. ఆమె వెతికిందీ లేదు, ఏడ్చిందీ లేదు. ఇరవయ్యేళ్లుగా పాటగాడు వెండెల్ రేబర్న్ ఊరూరా కచేరీలకి తిరిగే బస్సే ఆమె ఇల్లు.

వెండెల్ కూడా ఆ జిల్లావాడే. కంట్రీ అనే ఈ పల్లెపాటల వ్యాపారంలో చాలామందికి గిటారు నగలాంటిది, మెడలో వేసుకోవడానికే. తీగలు ఎన్నున్నాయో లెక్క తెలియని వీరుల్ని ఐలీన్ బోలెడుమందిని చూసింది. వెండెల్ అలాంటివాడు కాదు, అదే ఆమె బాధ. ఎనిమిదేళ్ల క్రితం ఒకనాటి కచేరీలో అతని కుడిచెయ్యి వణకడం ఆమె ముందు చెవితో విన్నది, తర్వాత కంటితో చూసింది. మర్నాడు సౌండు మిక్సరు మీద అతని గిటారు తాలూకు ఏడో మీటని కిందికి దించి, స్పీకర్లలో ఆ గిటారు వినపడకుండా చేసింది. డ్రమ్ముల వెనక నిలబడే రెండో గిటారు కుర్రాడు బాయ్డ్ చేత వెండెల్ వాయించాల్సిందంతా వాయింపించింది. బాయ్డ్ వాయింపునే వెండెల్ చెవిలోని ఇయర్‌ఫోనులోకి పంపింది. ఎవరి చెయ్యయినా తగిలి ఆ మీట పైకి లేస్తుందేమోనని దాని మీద గాయాలకి వేసే ప్లాస్టరు అంటించింది.

అప్పుడొకసారి వెండెల్ అడిగాడు, చెయ్యి బాగానే ఆడుతోంది కదా అని. ఆమె బాగుందని చెప్పింది. ఆ మాట ఇన్నేళ్లుగా ఆమె గొంతులో ముల్లులా ఉంది.

ఎనిమిదేళ్లూ వెండెల్ ఏటేటా జరిగే సొంత జిల్లా సంతలో పాడకుండా ఏదో ఒక వంక పెట్టి తప్పించుకున్నాడు. ఈసారి ఒప్పుకున్నాడు. అతనికి గిటారు నేర్పిన హోబర్ట్‌కి తొంభై ఒకటి వచ్చాయి, ఊపిరితిత్తుల నిండా బొగ్గుపొడి, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. వచ్చే ఏడాది సంత దాకా ఉంటాడని ఎవరికీ నమ్మకం లేదు.

సంతరోజు పొద్దున గొర్రెమాంసం కాల్చే పొగ మైదానమంతా కమ్ముకుంటుండగా వెండెల్ మిక్సరు దగ్గరికి వచ్చాడు.

"చివరిపాట నేనొక్కణ్ణే వాయిస్తాను. వాద్యాలవాళ్లందర్నీ స్టేజీ దింపేయ్."

ఐలీన్ తల అడ్డంగా ఊపింది. "ఎండ మండిపోతోంది వెండెల్. అందరూ ఉంటేనే నిండుగా ఉంటుంది."

"హోబర్ట్ మామ ముందువరసలో కూర్చుంటాడు. ఆయనకి నిండుదనం అక్కర్లేదు. నా వేలు కావాలి."

చెప్పేయాలని ఆమె నోరు తెరిచింది. వెండెల్ ఆమె మొహంలోకి చూస్తూ ఆగాడు, ఏదో వినడానికే వచ్చినట్టు. ఆమె సరేలే అంది.

బాయ్డ్‌ని స్టేజీ వెనకకి తీసుకెళ్లి, చివరిపాటకి నల్లతెర చాటున కూర్చుని వాయించమంది. అక్కణ్ణుంచి స్టేజీ కనపడదు, పాట గొంతు మాత్రం వినిపిస్తుంది.

"వెండెల్‌ని మోసం చేస్తూనే ఉన్నాం, అదో అలవాటైపోయింది," అన్నాడు బాయ్డ్. "ఆ ముసలాయన్ని కూడానా అక్కా? ఆయనకి అద్దాల్లేకుండానే ప్రతి వేలూ కనపడుతుంది."

"మరి వెండెల్ పరువు సొంత ఊళ్లోనే పోనా?"

బాయ్డ్ వెళ్లి తెర చాటున ఒక కుర్చీ వేసి వచ్చాడు.

మూడు గంటలకి కచేరీ మొదలైంది. ఐలీన్‌కి పాటలు వినపడటం లేదు, జనం కళ్లే కనపడుతున్నాయి. గని టోపీలవాళ్లు, ఒళ్లో పిల్లలున్న ఆడవాళ్లు, అందరి చూపూ వెండెల్ కుడిచేతి మీదే. డ్రమ్ములూ ఫిడేలూ ఉన్నంతసేపూ గండం గడిచింది. హోబర్ట్ మాత్రం చక్రాలకుర్చీలో తల ఒక పక్కకి వాల్చి, కదలకుండా చూస్తున్నాడు. ఆమె చొక్కా వీపుకి అంటుకుపోయింది.

చివరిపాటకి అందరూ దిగిపోయారు. వెండెల్ స్టూలు మీద కూర్చుని చెవిలోంచి ఇయర్‌ఫోను పీకేశాడు. అది లెక్కలో లేని పని. ఐలీన్ లేచి నిలబడింది, కానీ అప్పటికే అతను పాట ఎత్తుకున్నాడు. పాట సాగింది. స్పీకర్లలోంచి బాయ్డ్ వాయింపు ముత్యాలు పోసినట్టు వస్తోంది. మొదటి చరణం అయింది. రెండో చరణం మధ్యలో వెండెల్ పాడుతూనే గిటారు మీదినుంచి చెయ్యి తీసి, గాలిలోకి ఎత్తి అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు.

గిటారు మోగుతూనే ఉంది.

ఒక పాదం, రెండు పాదాలు, మూడు. వెండెల్ పాట ఆపాక గానీ బాయ్డ్‌కి అనుమానం రాలేదు. అప్పుడతనూ ఆపాడు. మైదానంలో పిల్లల రంకులరాట్నం కిర్రుమనడం తప్ప ఇంకో చప్పుడు లేదు.

"ఎనిమిదేళ్లుగా నా చెవిలో ఒక్క తప్పు కూడా వినపడలేదు," అన్నాడు వెండెల్ మైకులో, మెల్లగా. "ఇరవయ్యేళ్లప్పుడు కూడా నేనంత బాగా వాయించలేదు. తెలిసి కూడా హాయిగా ఉందని నోరు మూసుకున్నాను. బాయ్డ్, బయటికి రా నాన్నా, నీ తప్పేం లేదు. ఐలీన్, ఏడోది ఎత్తు."

వందలమంది తలలు ఆమెవైపు తిరిగాయి. ఆమె గోటితో ప్లాస్టరు పీకి, జేబులో కుక్కి, మీటని పైకి జరిపింది.

వచ్చిన వాయింపు చెప్పుకోదగ్గది కాదు. తీగలు తప్పాయి, తాళం కుంటింది, ఒకచోట బొటనవేలు పూర్తిగా ఆగిపోయి మళ్లీ దారి వెతుక్కుంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ లేచి వెళ్లలేదు. పాట చివరిదాకా వెండెల్ తల ఎత్తలేదు.

దిగివచ్చి హోబర్ట్ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఐలీన్ వెళ్లి వెనక నిలబడింది.

"మూడో చరణంలో వేలు ఆపేశావు," అన్నాడు హోబర్ట్, మాటమాటకీ ఊపిరి అందుకుంటూ. "చెయ్యి వణికితే నడక తగ్గించాలి. ఆపకూడదు. నాకు ఇరవయ్యేళ్లబట్టి వణుకుతోంది, చూడు." చెయ్యి చాపి చూపించాడు. అది గాలికి ఆకులా ఊగుతోంది, కానీ కుర్చీ చేతి మీద పెట్టగానే బొటనవేలు తాళం తప్పకుండా కొట్టింది. తర్వాత తలెత్తాడు. "ఇతని చప్పుడు ఆపిందెవరు?"

"నేనే మామా," అంది ఐలీన్. "పరువు పోతుందని భయపడ్డాను."

ముసలాయన ఆమెని కోపంగా చూడలేదు. చూసినా బాగుండేది.

"మొదటి ఏడాదే నాకు వినిపించాల్సిందమ్మా. దిద్దేవాణ్ణి. అప్పటికింకా నాకు ఊపిరుంది."

వెండెల్ ఆయన చెయ్యి పట్టుకుని వేలు ఎలా ఆడుతోందో చూస్తూ కూర్చున్నాడు. ఐలీన్ జేబులో చెయ్యి పెట్టుకుంది. నలిగిన ప్లాస్టరు వేళ్లకి అంటుకుంది, దాన్ని విదిలించుకోవడానికి కూడా ఆమెకి చెయ్యి ఆడలేదు.